దెబ్బ ఎక్కడ తగిలిందో చూపించు

సింధనూరు,
రాయచూరు జిల్లా.

చిరంజీవి సుధకి,

నువ్వు పంపిన అప్పీలు డ్రాఫ్టు, కింది కోర్టు కాగితాల నకళ్ళు అందాయి. తీరిగ్గా కూర్చుని అన్నీ చదివాను. కల్బుర్గి బెంచిలో నీ వకాలత్‌తో వేస్తున్న మొదటి క్రిమినల్ అప్పీలు కదా, ఎంత శ్రద్ధ పెట్టావో పేజీ పేజీకీ తెలుస్తోంది. చార్జిలో తేదీ తప్పు పడిందని పట్టుకున్నావు. పంచనామా సాక్షి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉందని పట్టుకున్నావు. ఎగ్జిబిట్ నంబర్లు తారుమారైన సంగతి, వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించని సంగతి, తెలుగు తప్ప మరోటి రాని మనిషి ముందు విచారణంతా కన్నడంలో నడిచిన సంగతి, ఏదీ వదల్లేదు. కానీ తల్లీ, ఈ డ్రాఫ్టు ఇలాగే వేస్తే శిక్ష పడ్డ మన క్యాంపు కుర్రాడు జైల్లోనే ఉండిపోతాడని నాకు భయంగా ఉంది. అందుకే ఫోను చెయ్యకుండా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

పైకోర్టులో కూర్చున్న జడ్జి నీ గ్రౌండ్స్ చదివేటప్పుడు ఆయన మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: ఈ తప్పు జరగకపోయి ఉంటే ముద్దాయికి ఏం ఒరిగేది? దానికి నీ కాగితంలో జవాబు లేకపోతే మంచి గ్రౌండు, పనికిమాలిన గ్రౌండు రెండూ ఒకే గుట్టలో కలిసిపోతాయి. తేదీ తప్పు, నంబర్ల తారుమారు మొదటి పేజీలోనే కనిపిస్తే, ఈ లాయరు దగ్గర అసలు సరుకు లేదనుకుని ఆయన మిగతావి కూడా అదే కంటితో చదువుతాడు.

చట్టం మాట నీకు తెలిసిందే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 465, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 511; మాటలు దాదాపు అవే. అధికారం ఉన్న కోర్టు ఇచ్చిన తీర్పును, ఫిర్యాదులోనో వారంటులోనో విచారణలోనో పొరపాటు దొర్లిందన్న ఒక్క కారణంతో కొట్టెయ్యకూడదు. ఆ పొరపాటు వల్ల న్యాయం నిజంగా దెబ్బతిన్నదని పైకోర్టుకి అనిపించాలి. రెండో ఉపనిబంధనను మాత్రం నువ్వు డ్రాఫ్టులో ఎక్కడా తాకలేదు. ఈ అభ్యంతరాన్ని ముందే చెప్పగలిగి, చెప్పవలసి కూడా ఉండి ముద్దాయి చెప్పకుండా ఊరుకున్నాడా అన్నది కోర్టు చూడాలి. ప్రభుత్వ వకీలు లేచి మొట్టమొదట చదివేది దాన్నే. సివిల్ వైపు సీపీసీ 99 కూడా ఇదే దారిలో ఉంటుంది.

ఈ సూత్రం ఎక్కడ గట్టిపడిందో తెలుసుకోవాలంటే మన గుంటూరు జిల్లా కేసే చదవాలి. పులుకూరి కోటయ్య కేసంటే అందరికీ ఎవిడెన్స్ చట్టం 27వ సెక్షనే గుర్తొస్తుంది. లా కాలేజీలో నీకూ ఆ ముక్కే చెప్పి ఉంటారు. దాని మొదటి సగం ఎవరూ చదవరు. పులిపాడు చెరువు దగ్గర కాపు కాసి చంపిన కేసు అది. గుంటూరు సెషన్స్ కోర్టులో శిక్షలు పడ్డాయి. మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్తే 1946 డిసెంబరులో సర్ జాన్ బోమాంట్ తీర్పు రాశాడు. అక్కడ మొదటి ఫిర్యాదు ఇది: సర్కిల్ ఇన్‌స్పెక్టరు తన నోటుపుస్తకంలో రాసుకున్న సాక్షుల వాంగ్మూలాల నకళ్ళు నిందితులకు సకాలంలో అందలేదు. అంటే ఎదురు ప్రశ్నలకి కావలసిన ఆయుధమే చేతిలో లేదు. ఇది చిన్న విషయం కాదని ప్రీవీ కౌన్సిల్ కూడా ఒప్పుకుంది. అయినా ఆ నోట్సు తర్వాత బయటికొచ్చాయి, వాటిలో సాక్షుల మాటలకి విరుద్ధమైంది పెద్దగా ఏమీ లేదు, కాబట్టి నిందితులకి నష్టం జరగలేదని తేల్చింది.

ఆ తీర్పులోనే ఒక గీత గీశారు. విచారణ మొత్తం చట్టం చెప్పిన పద్ధతికే విరుద్ధంగా నడిస్తే, దాన్ని నయం చేసే మందు ఏ సెక్షనులోనూ లేదు. పద్ధతి సరిగ్గానే ఉండి మధ్యలో ఎక్కడో తప్పు దొర్లితే దాన్ని సరిపెట్టుకోవచ్చు. మన తుంగభద్ర ఎడమ కాలవ గట్టుకి బొరియ పడితే పూడుస్తాం, కాలవనే వేరే దిక్కుకి తవ్వేస్తే ఇక పూడ్చేదేముంది? మొదటి రకానికి వాళ్ళు చూపించిన ఉదాహరణ కూడా మన మద్రాసు ప్రెసిడెన్సీదే, 1901 నాటి సుబ్రహ్మణ్య అయ్యర్ కేసు. ఒకే రకం నేరాలు మూడు దాకా, అవి కూడా ఏడాది లోపువైతేనే ఒక విచారణలో కలపొచ్చని చట్టం చెబుతుంటే, రెండేళ్ళలో జరిగాయన్న నలభై ఒక్క పనుల్ని ఒకే చార్జిలో పెట్టి విచారించారు. అది పొరపాటు కిందికి రాదని, విచారణే చెల్లదని లార్డ్ హాల్స్‌బరీ తేల్చాడు.

కోటయ్య తీర్పు రెండో సగానికి వస్తే నీకు ఇంకా పనికొచ్చేది కనిపిస్తుంది. పోలీసుల ముందు చెప్పిన మాటల్లో, దొరికిన వస్తువుకి సంబంధం లేని నేరాంగీకారం ముక్కలు కూడా సాక్ష్యంలోకి వచ్చేశాయి. ఆ తప్పును మాత్రం సరిపెట్టుకుని ఊరుకోలేదు. ఆ ముక్కలు తీసేశాక మిగిలిన సాక్ష్యం శిక్షకి సరిపోతుందో లేదో చూడమని కేసును మద్రాసు హైకోర్టుకి తిప్పి పంపారు. ఒకే తీర్పులో రెండు తప్పులకి రెండు తూనికలు. పద్ధతిలో తప్పు జరిగితే ముద్దాయికి నష్టం ఏమిటని అడుగుతారు. రాకూడని సాక్ష్యం లోపలికొస్తే దాన్ని పక్కన పెట్టి మిగిలినదెంత అని చూస్తారు. రెండోదానికి ఇప్పుడు సాక్ష్య అధినియమంలో 169, పాత చట్టంలో 167. నీ డ్రాఫ్టులో రెండూ కలిపేశావు. విడదీసి రాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1955లో విల్లీ స్లేనీ కేసులో సుప్రీంకోర్టు దీన్నే తన చేతిలోకి తీసుకుంది. అన్నదమ్ములిద్దరూ కలిసి చంపారని చార్జి పెట్టి, ఒకణ్ణి వదిలేసి, రెండోవాణ్ణి వాడొక్కడే చంపాడని శిక్షించారు. విడిగా చార్జి లేదు. తన మీద ఆరోపణ ఏమిటో ముద్దాయికి తెలుసా, దానికి జవాబు చెప్పుకునే అవకాశం దొరికిందా అని జస్టిస్ వివియన్ బోస్ అడిగారు. రెండూ ఉన్నాయి కాబట్టి ఆ లోపం ప్రాణాంతకం కాలేదు. అక్షరం మీద కొట్లాడేవాళ్ళు అందరూ చదవాల్సిన తీర్పు ఇది. నీ చార్జిలో తేదీ తప్పును ఈ ప్రశ్నతో కొలిచి చూడు. ఆ రోజు తాను వేరే ఊళ్ళో ఉన్నానని మన కుర్రాడు చెప్పుకోలేదు. ఆ తేదీ మీద ఆధారపడిన వాదనే లేనప్పుడు అది ఎవర్నీ గాయపరచదు. తీసెయ్యి.

అభ్యంతరం ఎప్పుడు లేవదీశారన్న దానికి నాకు తెలిసినంతలో ఈ జతను మించిన పాఠం లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టులు మేజిస్ట్రేటు కమిట్ చెయ్యకుండానే నేరుగా కేసులు తీసుకునేవి. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన గంగుల అశోక్ కేసులో, విచారణ మొదలు కాకముందే నిందితులు అభ్యంతరం పెట్టారు. 2000 సంవత్సరం జనవరిలో సుప్రీంకోర్టు ఔనంది, చార్జిషీటు వెనక్కిచ్చి మేజిస్ట్రేటు ముందు దాఖలు చేసుకోమంది. మరుసటి ఏడే మధ్యప్రదేశ్‌కి చెందిన భూరాజీ కేసు వచ్చింది. తప్పు అదే, అక్షరం కూడా తేడా లేదు. కానీ అక్కడ విచారణంతా అయిపోయింది, హత్యకి శిక్షలు కూడా పడ్డాయి. అన్నాళ్ళూ నోరు మెదపకుండా అప్పీల్లో ఆ మాట ఎత్తారు. హైకోర్టు మళ్ళీ మొదటి నుంచి విచారణ చెయ్యమంటే, సుప్రీంకోర్టు అక్కర్లేదంది. మధ్యలో మరో బెంచి ఇంకో రకంగా చెప్పడంతో 2012లో రత్తీరాం కేసులో ముగ్గురు జడ్జీలు కూర్చుని భూరాజీ తీర్పే సరైనదని ఖాయం చేశారు. 2016 నుంచి చట్టమే మారి, ప్రత్యేక కోర్టులకి నేరుగా కేసు తీసుకునే అధికారం వచ్చింది, అది వేరే సంగతి. ఒకే తప్పుకి మొదట్లో ఒక ఫలితం, చివర్లో ఇంకో ఫలితం ఎందుకొచ్చాయో ఆ మూడు తీర్పులూ వరసగా చదివితే నీకు అర్థమవుతుంది.

అందుకని, రేపు నువ్వు ట్రయల్‌కి నిలబడ్డప్పుడు తప్పు కనిపిస్తే అక్కడే లేచి చెప్పు. జడ్జిగారికి విసుగొచ్చినా చెప్పు. చెప్పి ఊరుకోకుండా మెమో వెయ్యి, ఆర్డరుషీటులో ఎక్కిందో లేదో సాయంత్రం బెంచి క్లర్కు దగ్గర చూసుకో. అప్పీల్లో వాడుకుందామని తప్పును దాచిపెట్టుకునే వకీళ్ళు ఉన్నారు. అది ముద్దాయి జీవితంతో జూదమాడటమే. నువ్వు మాత్రం ఆ దారి తొక్కకు.

ఇక్కడ నా మనసులో ఉన్నది కూడా చెప్పాలి. ఈ రెండో ఉపనిబంధన తెలివైన వకీలును పెట్టుకోగలిగినవాడి కోసం రాసినట్టుంటుంది. మొదట్లోనే చెప్పలేదేం అని అడగడం తేలిక. చెప్పాలని తెలియనివాడి సంగతేమిటి? కూలి పని చేసుకుంటూ, చదువు లేక, ఎవరో పెట్టిన వకీలు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాడు అభ్యంతరం చెప్పలేదంటే ఆ మౌనం వాడిదని అనగలమా? ఢిల్లీ బస్సు పేలుడు కేసు, మహమ్మద్ హుస్సేన్‌ది చదువు. యాభై ఆరు మంది సాక్షులను విచారిస్తున్నంతసేపూ అతని తరఫున వకీలే లేడు. ఉరిశిక్ష పడింది, హైకోర్టు ఖాయం చేసింది. 2012లో సుప్రీంకోర్టు ఆ శిక్ష చెల్లదంది, మళ్ళీ విచారణకి పంపింది. ఆ రెండో విచారణలో అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. అందరికీ చిరాకు తెప్పించే కేసు, అందరూ అసహ్యించుకునే ఆరోపణ. పక్కన వకీలు ఉంటే మొదటిసారే ఏమై ఉండేదో ఊహించుకో. వకీలు లేకపోవడం, వకీలు ఉన్నా లేనట్టే ఉండటం వంటి చోట నష్టం చూపించమని ముద్దాయినే అడగడం అన్యాయమని నా నమ్మకం.

అమెరికా సుప్రీంకోర్టు 1967లో చాప్‌మన్ కేసులో రుజువు బరువును ప్రభుత్వం వైపు తిప్పింది. రాజ్యాంగ హక్కుకి సంబంధించిన తప్పు జరిగితే, అది తీర్పును ప్రభావితం చెయ్యలేదని సందేహానికి తావు లేకుండా చూపించాల్సింది ప్రభుత్వమే. ముద్దాయి నోరు విప్పకపోవడాన్ని ప్రాసిక్యూటరు జ్యూరీ ముందు పదే పదే ఎత్తి చూపిన కేసు అది. మన దగ్గర ఆ బరువు చాలావరకు ముద్దాయి మీదే ఉంది. ఏనాటికైనా మన కోర్టులు కూడా ప్రాథమిక హక్కుల విషయంలో అటు నడవాలని నా కోరిక. కోరిక మీద అప్పీలు వెయ్యలేం కాబట్టి ఉన్న చట్టంతోనే పని చేద్దాం.

అలాగని ఈ నియమం మీద కోపం పెంచుకోకు. చనిపోయినవాడి తల్లి కూడా ఈ కేసులో ఉంది. మాన్వి నుంచి బస్సెక్కి ప్రతి వాయిదాకీ వచ్చి వరండాలో కూర్చున్న మనిషి. స్టాంపు పడలేదనో నంబరు తప్పనో ఆమెను మళ్ళీ బోనెక్కించి, కొడుకు ఎలా పోయాడో మళ్ళీ చెప్పించడం న్యాయం అనిపించుకోదు. పోలీసు దర్యాప్తులో దొర్లిన తప్పులకి కూడా ఇదే మాట. అర్హత లేని ర్యాంకు అధికారి దర్యాప్తు చేసినా, న్యాయానికి భంగం కలిగిందని తేలకపోతే విచారణ చెడిపోదని రిష్బూద్ కేసు చెప్పి డెబ్భై ఏళ్ళు దాటింది. నీ డ్రాఫ్టులో ఏఎస్సై దర్యాప్తు గురించి రాసిన పేరా కూడా అందుకే తీసెయ్యమంటున్నాను.

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికి వస్తాను. నీ కాగితాల్లో బంగారం లాంటి గ్రౌండు ఒకటి ఉంది, నువ్వు దాన్ని ఎక్కడో చివర్లో రెండు లైన్లలో పడేశావు. ఆ మూడో సాక్షి, పక్కింటావిడ. ఆమె తెలుగులో చెప్పింది, రికార్డు కన్నడంలో పడింది. చీకట్లో గొంతు విని గుర్తుపట్టానని చెప్పానని ఆమె ఇప్పుడు అంటోందని నువ్వు రాశావు. కాగితంలో మాత్రం మనిషిని చూసి గుర్తుపట్టినట్టు ఉంది. ఆ వాంగ్మూలాన్ని ఆమెకి చదివి వినిపించలేదు. శిక్షకి ఆధారమంతా ఆ ఒక్క గుర్తింపే.

మన రాయచూరు లాంటి చోట ఇది ఎప్పుడూ ఉండే ప్రమాదమే. 1956 నవంబరు దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న జిల్లా. ఆ తర్వాత కాలవ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి సింధనూరు, మాన్వి చుట్టూ క్యాంపులు వేసుకున్న మనవాళ్ళు, అంతకుముందు నుంచీ ఉన్న తెలుగువాళ్ళు, కన్నడం, ఉర్దూ, అన్నీ ఒకే కోర్టు హాల్లో కలుస్తాయి. రోజూ అన్ని భాషలూ వింటున్నాం కదా అన్న ధీమాతో దుబాసీని పిలవరు. ఆ ధీమాలోనే ఇలాంటివి దొర్లుతాయి.

కానీ జాగ్రత్త. సాక్ష్యాన్ని ముద్దాయికి తెలిసిన భాషలో వినిపించలేదు అన్నంత మాత్రాన గెలవవు. శివనారాయణ్ కాబ్రా కేసులో, మద్రాసు నుంచి వెళ్ళిందే, ఇంగ్లీషు రాని ముద్దాయికి సాక్ష్యాన్ని అనువదించి చెప్పలేదన్న వాదనను నష్టం చూపించలేదని తోసేశారు. వాంగ్మూలం చదివి వినిపించకపోవడం మీద 1927లో బర్మా నుంచి వెళ్ళిన అబ్దుల్ రహ్మాన్ కేసులో ప్రీవీ కౌన్సిల్ కూడా అదే అంది. ప్రభుత్వ వకీలు ఈ రెండూ చేతిలో పట్టుకుని వస్తాడు. నువ్వే ముందు ఆ రెండిటి పేర్లూ ఎత్తి, ఇక్కడ తేడా ఏమిటో చెప్పు. అక్కడ పద్ధతి తప్పింది, ఏ మాటా మారలేదు. ఇక్కడ పద్ధతి తప్పడం వల్లే మాట మారింది, చదివి వినిపించి ఉంటే ఆవిడే అక్కడికక్కడ దిద్దించేది. ఆ మాట మీదే శిక్ష నిలబడింది. దీన్ని మొదటి గ్రౌండు చెయ్యి. ఊరికే అఫిడవిట్‌తో సరిపెట్టకు. అదనపు సాక్ష్యం కోసం పాత 391, కొత్త 432 కింద దరఖాస్తు వేసి, ఆ ఒక్క విషయం మీద ఆవిణ్ణి మళ్ళీ విచారించమని అడుగు. ఎదురు ప్రశ్నల్లో మన వకీలు వెలుతురు గురించి అడిగిన ప్రశ్నలున్నాయి చూడు, వాటిని ఆవిడ ఇప్పటి మాట పక్కన పెట్టి చూపించు. ఆవిడ ఇప్పుడు చెబుతున్నది కొత్తగా అల్లింది కాదనడానికి రికార్డులోనే దొరికే ఆధారం అదే.

రెండో గ్రౌండు పాత కోడ్ 313 కింద ముద్దాయిని అడగాల్సిన ప్రశ్నలది. ఈ గుర్తింపు సంగతి ముద్దాయిని అడగనే లేదు. 2023లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయికి వ్యతిరేకంగా ఉన్న ముఖ్యమైన సాక్ష్యాన్ని అతని ముందు పెట్టకపోవడం తీవ్రమైన లోపమేనని, అయితే పైకోర్టు దాన్ని సరిదిద్దొచ్చని చెబుతూ, ఇరవై ఏడేళ్ళు గడిచాక ఇప్పుడు అడగడంలో అర్థం లేదని ఆ ముద్దాయిని విడుదల చేసింది. ఈ రెండూ చాలు. మిగతావన్నీ కొట్టెయ్యి.

ఒక్కటి మాత్రం నువ్వు ఒక్కదానివే తేల్చెయ్యకు. కోర్టును ఏం అడగాలి? శిక్ష రద్దు అడుగుతావా, పునర్విచారణ అడుగుతావా? పునర్విచారణ అంటే మళ్ళీ సమన్లు, మళ్ళీ సాక్షులు, ఇంకెన్నేళ్ళో. ప్రాసిక్యూషనుకి తన కంతలు పూడ్చుకునే అవకాశం కూడా. జైలుకి వెళ్ళి ఆ కుర్రాడికి నువ్వే తెలుగులో వివరించి, వాడేమంటాడో విను. ఇంతదాకా ఆ కేసులో వాడికి అర్థమయ్యే భాషలో ఎవరూ ఏదీ చెప్పినట్టు లేదు. శిక్ష నిలుపుదల దరఖాస్తు మాత్రం అప్పీలుతో పాటే పడాలి, తర్వాత చూద్దాం అనుకోకు. అప్పీలు విచారణకి వచ్చేసరికి ఏళ్ళు పట్టొచ్చు.

డ్రాఫ్టు మార్చాక పంపు. మూడో సాక్షి వాంగ్మూలం నకలు నీ దగ్గరున్నది సరిగ్గా కనబడటం లేదు. సర్టిఫైడ్ కాపీ కోసం రేపే అర్జీ పెట్టిస్తాను, చేతికి రాగానే పంపిస్తాను. అమ్మకి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య